మూడో గడి

గొడుగులూ స్కూలు బ్యాగులూ కుట్టే చిన్న షెడ్డు. మధ్యాహ్నం మూడున్నర. కటింగు బల్లకి ఒక పక్క షెడ్డు నడిపే ఆవిడ, రెండో పక్క కాగితాలు పరుచుకుని ఆవిడ అల్లుడు. వెనక వరండాలో గొడుగులు పరీక్షిస్తూ ఆవిడ చెల్లెలు.

"దారం మళ్ళీ ఎక్కడ రాశారు అల్లుడుగారూ?"

"మూడో గడిలో."

"పొద్దున మొదటి గడిలో ఉంది కదా."

"పొద్దున మీరు ఒక్కో బ్యాగుకి ఎంత దారం పడుతుందో చెప్తానన్నారు. ఇప్పుడేమో అదెవరు కొలుస్తారు అంటున్నారు. కొలవలేనిది మొదటి గడిలో రాయకూడదు అత్తయ్యగారూ."

"దారం లేకుండా బ్యాగు నిలబడుతుందా?"

"నిలబడదు."

"బ్యాగులోకి పోయేదంతా మొదటి గడి అన్నది మీరే."

"పోవాలి, ఇంత అని తేలాలి కూడా. గుడ్డ, జిప్పు, పట్టీలు. ఒక బ్యాగుకి ఇంత అని చెప్పగలం కాబట్టి మొదటి గడి. కుట్టినందుకు బ్యాగుకింత అని ఇచ్చే కూలి రెండో గడి. ఇది బ్యాగుది, ఇది గొడుగుది అని విడదీయలేనివన్నీ మూడో గడి, పైఖర్చులు. అద్దె, వాచ్‌మన్, లైట్లు, దారం, సూదులు. నాలుగోసారి చెప్తున్నాను."

"అయిదోసారి."

"సరే, అయిదోసారి."

"టీ ఎక్కడ రాశారు?"

"టీ కూడా మూడో గడే."

"అన్నీ ఆ మూడో దాంట్లోకే తోసేస్తున్నారు. మిగతా రెండు గడులూ ఖాళీగా, అదొక్కటీ కిక్కిరిసిపోయి. చూస్తేనే చిరాగ్గా ఉంది."

"నాక్కూడా చిరాగ్గానే ఉంది అత్తయ్యగారూ. అయిదింటికి ఆ షాపాయన ఫోన్ చేస్తాడు. నూట ఎనభై చొప్పున నెలకి అయిదొందల బ్యాగులు, ఏడాది పాటు. ఔనో కాదో చెప్పాలి. మనం ఇంకా టీ దగ్గరే ఉన్నాం."

"నేనేం అన్నాను? ఔను అంటానన్నాను. మీరే ఆగండి, లెక్క చూద్దాం అన్నారు."

"చూడకుండా ఔను అంటే మునిగిపోతారు."

"పద్దెనిమిదేళ్ళ నుంచీ చూడకుండానే అంటున్నాను. ఎక్కడ మునిగాను?"

"ఎక్కడా మునగలేదని మీకెలా తెలుసు? లెక్క రాస్తే కదా తెలిసేది."

"మీతో మాట్లాడుతుంటే తల ప్రాణం తోకకొస్తోంది నాయనా. ఫ్యాన్ వెయ్యనా? చెమటతో చొక్కా అంతా తడిసిపోయింది."

"వద్దు, కాగితాలు ఎగురుతాయి."

"అక్కా, ఈ రెండు గొడుగులూ వెనక్కి పంపించు. ఒకదాని స్ప్రింగు బిగుసుకుపోయింది. రెండోది పైకి బాగానే ఉంది గానీ ఏడోసారి తెరిస్తే లోపల ఎక్కడో టిక్కుమంటోంది."

"అక్కడ పెట్టవే. ఊచలు బిగించే ఆయన్ని పిలిచి చూపించు."

"చూపిస్తా. అల్లుడుబాబు ఎప్పుడొచ్చారు? ఇవాళ ఆఫీసు లేదా?"

"సెలవు పెట్టాను పిన్నిగారూ."

"మంగళవారం కూడా సెలవేనా? లైబ్రరీ మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పుకుంటున్నారు. బస్సులోంచి పిలిచాను, మీరు చూడలేదు."

"మంగళవారమా... ఆఫీసు పని మీద అటు వెళ్ళాను."

"లైబ్రరీలో ఆఫీసు పనా?"

"పాత కాగితాలేవో చూడాల్సొచ్చింది. అత్తయ్యగారూ, అద్దె ఇరవై వేలే కదా?"

"ఇరవై వేలే. రాశారు కదా, మళ్ళీ అడుగుతారేంటి?"

"సరిచూసుకుంటున్నా."

"సరే అక్కా, మీ లెక్కలు మీరు చూసుకోండి. ఇంకా నలభై గొడుగులున్నాయి నాకు."

"వెళ్ళు. ఆ టిక్కుమన్నదాన్ని మాత్రం మిగతా వాటిలో కలపకు."

"ఎప్పుడైనా కలిపానా?"

"పిన్నిగారు వెళ్ళారా?"

"వెళ్ళింది. ఎందుకు?"

"ఆవిడ జీతం ఏడు వేలు. అదీ మూడో గడే."

"దాన్ని మూడో గడిలో వేస్తారా? అది చూడకుండా ఒక్క గొడుగు గుమ్మం దాటదు."

"ఆవిడ గొడుగు కొయ్యరు, కుట్టరు, ఊచలు బిగించరు. తెరిచి మూస్తారు."

"పదిసార్లు తెరిచి మూస్తుంది. చప్పుడు వింటుంది. ఏ ఊచ ఎన్ని వానలకి విరుగుతుందో చెప్పేస్తుంది."

"చప్పుడుకి గడి లేదు అత్తయ్యగారూ."

"లేకపోతే ఒకటి గియ్యండి. గీత గియ్యడానికి ఏం పోయింది?"

"అలా ఎవరికి వాళ్ళు గీసుకుంటూ పోతే దాన్ని లెక్క అనరు. నేను కావాలని చెయ్యట్లేదు. ఎక్కడైనా ఇంతే. మా కంపెనీలో కూడా ఇదే కాగితం, ఇవే మూడు గడులు. నేను గీసిందే."

"అందుకే అంత ప్రేమ దాని మీద."

"ప్రేమ ఏముంది ఇందులో."

"సరే, బ్యాగు సంగతి చెప్పండి. మొత్తం ఎంతయింది?"

"మొదటి గడి నూట పన్నెండు. కూలి యాభై. మూడో గడి అంతా కలిపితే నెలకి నలభై వేలు. అయిదొందల బ్యాగులు, అయిదొందల గొడుగులు, వెయ్యి వస్తువులు. ఒక్కోదానికి నలభై. అంటే బ్యాగు ఖర్చు రెండు వందల రెండు. ఆయనిచ్చేది నూట ఎనభై."

"ఇరవై రెండు నష్టమా?"

"ఒక్కో బ్యాగు మీద."

"నూట పన్నెండు ఎలా అయింది? గుడ్డ డెబ్బై, జిప్పూ పట్టీలూ ముప్ఫై. వందే కదా."

"లైనింగు పన్నెండు. బ్యాగు లోపల వేసే గుడ్డ."

"లైనింగు మనం ఎక్కడ కొంటాం?"

"కొనరా? లోపల ఉంది కదా, నేను చూశాను. నల్లది."

"అది గొడుగు గుడ్డ. మూడు మూలలుగా కోస్తే పక్కన మిగిలిపోతాయి కదా, ఆ ముక్కలు. వాటినే అతికి లోపలి జేబు కుడతాం. అందుకే మన బ్యాగులో నీళ్ళ సీసా కారినా పుస్తకాలు తడవవు. అందుకే ఆయన మన దగ్గరికే వస్తాడు."

"నేను వాటిని తుక్కు కింద రాశాను."

"తుక్కు ఎవరికి అమ్మాం? ఎప్పుడైనా అమ్మగా చూశారా? బల్ల కింద చూడండి, గోనెసంచి నిండా ఉన్నాయి. మీ కాళ్ళు ఆనించుకుని కూర్చున్నది దానికే."

"మరి పొద్దుటే చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ."

"మీరు అడగొచ్చు కదా. పొద్దుట్నించీ లేని పన్నెండు నష్టం చూపించి నా గుండెల్లో రాయి వేశారు."

"సరే. కొట్టేశాను. నూట తొంభై ఖర్చు, నూట ఎనభై రాబడి. ఇరవై రెండు కాదు, పది."

"చూశారా, తగ్గింది."

"తగ్గినా నష్టమే. నెలకి అయిదు వేలు. ఏడాదికి అరవై వేలు. అదే గొడుగు చూడండి. సరుకూ కూలీ కలిపి నూట అరవై, పైఖర్చు నలభై, రెండొందలు. అమ్మేది రెండొందల ముప్ఫైకి. ముప్ఫై లాభం. గొడుగులు సంపాదిస్తుంటే బ్యాగులు తినేస్తున్నాయి."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"కాదని చెప్పండి."

"కాదంటే ఆ నలుగురినీ రేపట్నించి రావద్దనాలి. వాళ్ళకి బ్యాగులు కుట్టడం తప్ప గొడుగు పని రాదు."

"తెలుసు."

"కిటికీ పక్కన కూర్చునే ఆమె మొన్ననే కూతురికి కళ్ళజోడు కొంది, వాయిదాల మీద. నేను మొదటి మిషను కొన్నప్పుడు ఇద్దరం ఒకే స్టూలు మీద మార్చి మార్చి కూర్చుని కుట్టాం. ఆమె దగ్గరికెళ్ళి ఏమని చెప్పను? మీరు చెప్తారా?"

"నేను చెప్పను."

"మరి? కాదనమంటున్నది మీరు కదా."

"ఒకసారి చెప్పాను అలాంటి మాట. మళ్ళీ చెప్పను."

"ఎక్కడ చెప్పారు?"

"మా కంపెనీలో. వదిలెయ్యండి, ఇప్పుడదెందుకు."

"మీరే ఎత్తారు."

"బకెట్లు చేస్తాం కదా మేము. పక్కన చిన్న సెక్షన్ ఒకటి ఉండేది, దువ్వెనలది. ఇదే కాగితం వేసి చూస్తే దువ్వెన మీద నష్టం వచ్చింది. మూసేశారు."

"మూసేశాక బాగుపడ్డారా?"

"టైం నాలుగూ పది అయింది అత్తయ్యగారూ."

"నేను టైం అడగలేదు."

"బాగుపడ్డారా లేదా అన్నది వేరే సంగతి. అక్కడ చాలా కారణాలుంటాయి."

"నీళ్ళు నములుతున్నారు."

"నమలట్లేదు. ఒక్క నిమిషం, ఫోను. ఆ, చెప్పు... ఆఫీసులోనే... మీటింగులో ఉన్నా... చప్పుడా? పక్కన మిషను బాగుచేస్తున్నారు... సరే, వస్తూ తెస్తాలే... అలాగే. ఉంటా."

"మా అమ్మాయేనా?"

"ఆ."

"ఆఫీసులో ఉన్నానన్నారేంటి? ఇక్కడున్నానని చెప్తే ఏం పోయింది?"

"మీ దగ్గర ఏదైనా ఇబ్బందేమోనని కంగారు పడుతుంది."

"నా కూతురా? అది పుట్టిన దగ్గర్నించీ కంగారు పడగా నేను చూడలేదు. నన్ను కంగారు పెట్టడమే గానీ."

"ఇంటికెళ్ళాక చెప్తాలెండి. ఇది తేల్చుకుందాం ముందు. కాదని చెప్తారు కదా?"

"చెప్తాను. సరేనా? కాదనే చెప్తాను. నలుగురినీ పంపించేస్తాను. మీరు చదువుకున్నవాళ్ళు, నాకు తెలిసింది ఎంత. కానీ ఒక్క మాట. పంపించేశాక వచ్చే నెల లెక్క ఎలా ఉంటుందో అదీ వేసి చూపించండి."

"వెయ్యక్కర్లేదు. అయిదు వేల నష్టం పోతుంది, అంతే."

"వేసి చూపించండి అంటున్నాను."

"అత్తయ్యగారూ, పది తీసేస్తే పది పోతుంది. దానికి మళ్ళీ కాగితం ఎందుకు?"

"పొద్దుట్నించి దారానికి అయిదుసార్లు కాగితం వేశారు. దీనికి ఒక్కసారి వెయ్యలేరా? అల్లుడని ఊరుకుంటున్నాను గానీ, ఇంకెవరైనా అయితే ఆ కాగితాలన్నీ చుట్టి చేతిలో పెట్టి పంపించేదాన్ని ఈపాటికి."

"సరే. వేస్తున్నాను. చూడండి. బ్యాగుల సరుకు, సున్నా. బ్యాగుల కూలి, సున్నా."

"ఊఁ."

"గొడుగుల సరుకూ కూలీ ఎప్పట్లాగే, గొడుగుకి నూట అరవై. ఇక మూడో గడి."

"అద్దె ఎంత?"

"ఇరవై వేలు."

"సగం అవదా? సగం షెడ్డు ఖాళీ కదా. ఇంటాయన సగం అద్దె వదిలేస్తాడా?"

"వదలడు."

"వాచ్‌మన్? నలుగురు తగ్గారని పొద్దుగూకగానే ఇంటికెళ్ళిపోతాడా?"

"లేదు. ఎనిమిది వేలు అలాగే ఉంటుంది."

"మా చెల్లెలు? గొడుగులు తెరిచి మూసే ఆవిడ. ఏడు వేలు. అది ఉండాల్సిందే, గొడుగులున్నాయి కాబట్టి."

"ఉండాలి."

"మిగతావి?"

"లైట్లు, దారం, సూదులు, టీ, రిపేర్లు. అయిదు వేలల్లో ఒక వెయ్యి తగ్గొచ్చు."

"తగ్గించండి. మొత్తం ఎంత?"

"ముప్ఫై తొమ్మిది వేలు."

"నలభై నుంచి ముప్ఫై తొమ్మిదికి వచ్చింది. నలుగురిని పంపిస్తే వెయ్యి. ఆ ముప్ఫై తొమ్మిది వేలూ ఇప్పుడు ఎవరి నెత్తిన పడతాయి?"

"గొడుగుల."

"ఎన్ని గొడుగులు?"

"అయిదొందలు."

"ఒక్కోదానికి?"

"డెబ్బై ఎనిమిది."

"నలభై ఉండేది కదా."

"ఉండేది."

"గొడుగు ఖర్చు మొత్తం చెప్పండి."

"నూట అరవై... డెబ్బై ఎనిమిది..."

"నోట్లో మాట్లాడుకుంటే నాకేం వినిపిస్తుంది?"

"రెండొందల ముప్ఫై ఎనిమిది."

"అమ్మేది?"

"రెండొందల ముప్ఫై."

"అంటే?"

"ఎనిమిది నష్టం. ఒక్కో గొడుగు మీద."

"ముప్ఫై లాభం అన్నారు ఇందాక."

"అన్నాను."

"ఇప్పుడు మొత్తం మీద నాకు నెలకి ఎంత మిగులుతోంది, బ్యాగులతో కలిపి?"

"గొడుగుల మీద పదిహేను వేలు వస్తోంది, బ్యాగుల మీద అయిదు పోతోంది. పది వేలు."

"బ్యాగులు మానేస్తే?"

"నాలుగు వేలు నష్టం."

"అంటే బ్యాగులు తినేస్తున్నాయన్నారే, అవి తిన్నదేంటి మరి?"

"తినట్లేదు. మోస్తున్నాయి. ఒక్కో బ్యాగు తన ఖర్చు తను పెట్టుకుని, ముప్ఫై తెచ్చి అద్దెలో వేస్తోంది. నేను నలభై మొయ్యమని రాశాను. ముప్ఫైయే మోసింది కాబట్టి పది నష్టం అని... ఎవరెంత మొయ్యాలో రాసింది నేనే అత్తయ్యగారూ. నా చేత్తో నేను సగం సగం పంచాను. ఊరికే. వెయ్యి పెట్టి భాగించడం సుళువని."

"మరి పొద్దుట్నించీ నేను చెప్తున్నది ఏంటి? అద్దె ఎక్కడికి పోతుంది, అద్దె ఎక్కడికి పోతుంది అని రెండుసార్లు అడిగాను. అది మూడో గడి, దాని సంగతి మీకెందుకు అన్నారు."

"అన్నాను."

"కదిలేవీ కదలనివీ ఒకే లెక్కలో కుక్కేశారు. అద్దె కదలదు. వాచ్‌మన్ కదలడు. కూలి ఒక్కటే కదులుతుంది. అందుకే మీ కాగితం ఎప్పుడూ మనుషులనే కదిలించమంటుంది. నేను చదువుకోలేదు కాబట్టి నోరుమూసుకుని కూర్చోవాలి. ఒంటిగంట దాకా నాకు అన్నం సయించలేదు, తెలుసా? ఆ కిటికీ వైపు చూడలేకపోయాను. అదిగో, ఫోను మోగుతోంది. ఆయనే."

"ఇంకా అయిదు కాలేదే."

"ఆయనకి ఆత్రం. ఆ, చెప్పండి... ఇక్కడే ఉన్నాను... నూట ఎనభై, విన్నాను... ఒక్క నిమిషం లైన్లో ఉండండి. అల్లుడుగారూ, ఏం చెప్పమంటారు?"

"మీకు తెలిసిందే కదా."

"నాకు పొద్దున్నే తెలుసు. మీ నోటి నుంచి విందామని."

"ఔననండి."

"ఆ వింటున్నారా, ఔను. నెలకి అయిదొందలు... ఏడాదికి... మొదటి వంద సోమవారం పంపిస్తాను. లోపలి జేబు నల్లదే, అందులో మార్పు లేదు... ఉంటాను. హమ్మయ్య. తేలిపోయింది. ఏమే, ఆ కిటికీ పక్కావిడకి చెప్పు, సోమవారానికి వంద బ్యాగులు కావాలని."

"చెప్తున్నా అక్కా. అల్లుడుబాబుకి ఒంట్లో బాగాలేదా, అలా ఉన్నారేంటి?"

"లెక్క తప్పిందని రోషం. నువ్వెళ్ళి చెప్పు ముందు."

"వెళ్తున్నా, వెళ్తున్నా."

"ఇలా చూడండి నాయనా. తప్పితే తప్పింది, నాలుగింటికే దిద్దుకున్నాం కదా. ఎవరికీ ఏమీ కాలేదు. దానికింత దిగులెందుకు? టీ తాగుతారా? మూడో గడిలో రాసుకోండి."

"వద్దు."

"అయిపోయింది కదా, మళ్ళీ ఆ కాగితం తీస్తున్నారేంటి?"

"దువ్వెనలకీ ఇలాగే వేశాను."

"ఏంటీ?"

"దువ్వెనలకీ ఇలాగే సగం పంచాను. షెడ్డు అద్దె, ఆఫీసు జీతాలు, కరెంటు. దువ్వెన తన ఖర్చు తను పెట్టుకుని ఎంతో కొంత తెచ్చేది. ఇప్పుడు అర్థమవుతోంది. నేను నష్టం అని రాసి సంతకం పెట్టాను."

"ఎంతమంది ఉండేవాళ్ళు అందులో?"

"పది మంది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి నేనే చెప్పాను. ఒకాయన కుర్చీ సరిగా జరిపి వెళ్ళాడు."

"అయ్యో. తెలిసి చేశారా ఏంటి."

"ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను, కాగితం చెప్పింది, నేనేం చేస్తాను అని. తర్వాత రెండు నెలలకి బకెట్లు కూడా నష్టం అని వచ్చింది. ఎందుకో నాకు అంతుపట్టలేదు. రాత్రిళ్ళు కూర్చుని కూడా వేశాను. దువ్వెనల అద్దె వాటి మీద పడిందని ఇవాళ మీరు చెప్తే గానీ..."

"అయితే బకెట్లు కూడా మూసేశారా?"

"బకెట్లు మూస్తే ఇక కంపెనీ ఎక్కడిది? మూడో గడి తగ్గించమన్నారు."

"మూడో గడి అంటే అద్దె కదా. అదెలా తగ్గుతుంది?"

"తగ్గదు. వస్తువు ముట్టుకోని మనుషులెవరెవరున్నారో పేర్లు రాసివ్వమన్నారు. రాసిచ్చాను. మీ చెల్లెలిగారి లాంటి వాళ్ళే, తెరిచి మూసేవాళ్ళు, చూసేవాళ్ళు, లెక్క రాసేవాళ్ళు. అందరి పేర్లూ ఉండాలి కదా, ఎవరినీ వదలకుండా వరసగా రాశాను. ఒక్క పేరు కింద గీత గీసి, ఆ మనిషి ఇక రానక్కర్లేదని వెనక్కి పంపారు."

"ఎప్పుడు జరిగింది ఇదంతా?"

"నెలా పద్దెనిమిది రోజులైంది."

"ఎవరి పేరు కింద గీశారు నాయనా?"

"మీ అమ్మాయికి ఇంకా చెప్పలేదు అత్తయ్యగారూ."